ట్రంప్, జిన్‌పింగ్ రాజీ పడితే మన రొయ్య రేటు లేస్తదా? (2025 నవంబరు నాటి చర్చ)

ఉప్పుటేరు కుర్రోడు:

అందరికీ నమస్కారమండి. మాది ఆకివీడు దగ్గర పల్లెటూరు. సొంతం రెండెకరాలు, లీజుకి నాలుగు, మొత్తం వనామీ రొయ్య చెరువులే. నిన్న రాత్రి చెరువు గట్టు మీద ఏరేటర్లు ఆన్ చేసి కూర్చుంటే నాన్నకీ బాబాయికీ పెద్ద డిబేట్ అయిపోయింది, టీవీ వాళ్ళు కూడా అంత అరుచుకోరు. నాన్న ఏమంటాడంటే పోయిన నెలాఖరున కొరియాలో, అదే బూసాన్‌లో ట్రంపూ జిన్‌పింగూ కూర్చుని మాట్లాడుకున్నారు కదా, ఇంక గొడవ సద్దుమణిగినట్టే, మార్కెట్ తెరుచుకుంటది, కాబట్టి పట్టుబడి, అదే చెరువులో రొయ్య పట్టడం, ఇంకో పదిహేను రోజులు ఆపుదాం అని. బాబాయేమో ఒరే అన్నయ్యా వాళ్ళిద్దరూ కొట్టుకున్నంత కాలమే మనకి బేరం, కలిసిపోయాక మనల్ని ఎవడు పిలుస్తాడు, ఉన్న రేటుకి లాగించేయ్ అంటాడు.

నాకు ఇద్దరు చెప్పిందీ కరెక్టే అనిపిస్తంది, అదే నా బాధ. ఏప్రిల్‌లో అమెరికా వాడు చైనా సరుకు మీద 145 శాతం టారిఫ్, అదే దిగుమతి సుంకం, వేసినప్పుడు మా ఊళ్ళో పండగ చేసుకున్నాం అండి, చైనా సరుకు ఆగిపోతది ఇంక అమెరికా అంతా మనదే అని. తీరా చూస్తే వాళ్ళకి 145 కాస్తా దిగుతూ దిగుతూ వచ్చింది, ఆగస్టు 27 వచ్చేసరికి మనకి 50 పడింది. గొడవ వాళ్ళది, వాత మనకి. పోయిన పట్టుబడికి 50 కౌంట్ (కేజీకి 50 రొయ్యలు) మీద కేజీకి 40 రూపాయలు తగ్గించి అడిగాడు ఏజెంటు, అదేంటండీ అంటే "ట్రంప్ అండి" అన్నాడు, అంతే ఇంకో మాట లేదు. ఇప్పుడు మా ఊళ్ళో చెరువులో ఆక్సిజన్ పడిపోయినా ట్రంపే.

తెలిసినవాళ్ళు కాస్త విడమరిచి చెప్పండి. ఆ రెండు దేశాలూ రాజీ పడితే మనకి మంచిదా చెడ్డదా?

---

గ్రేడింగ్ హాల్:

తమ్ముడూ, నేను భీమవరం సైడు ఒక ప్రాసెసింగ్ కంపెనీలో గ్రేడింగ్ దగ్గర 11 ఏళ్ళ నుంచి ఉన్నా. రాజకీయం నాకు తెలీదు, రొయ్య తెలుసు, ఆ వరకు చెప్తా.

ముందు నువ్వు అన్న దాంట్లో ఒక తప్పు. చైనా మీద 145 వేస్తే రొయ్యలో మనకి కలిసొచ్చేది పెద్దగా ఏమీ లేదు, ఎందుకంటే అమెరికాకి రొయ్య పంపడంలో చైనా మనకి పోటీ కాదు. 2005లోనే అమెరికా వాడు ఆరు దేశాల రొయ్య మీద యాంటీ డంపింగ్, అంటే మరీ చవగ్గా దించుతున్నారని వేసే అదనపు సుంకం, వేశాడు, మనమూ చైనా వియత్నాం థాయిలాండ్ ఈక్వడార్ బ్రెజిల్. అప్పట్నుంచి ఇవాళ్టికి వచ్చేసరికి చైనా రొయ్య కొనే దేశం అయిపోయింది. మన సీఫుడ్‌కి అమెరికా తర్వాత రెండో పెద్ద బేరగాడు చైనాయే. అంటే నువ్వు పండగ చేసుకున్నది నీ రెండో బేరగాడి దుకాణం మీద రాళ్ళు పడుతుంటే.

మన పోటీ ఎవడంటే ఈక్వడార్. ఈ 2025 నవంబరుకి వాడికి అమెరికాలో 15 శాతం. ఇండోనేషియాకి 19, వియత్నాంకి 20. మనకి 50, దాని మీద యాంటీ డంపింగ్ 2.49, మన సర్కారు సబ్సిడీలకి విరుగుడుగా వేసే కౌంటర్‌వెయిలింగ్ డ్యూటీ అని ఇంకోటి 5.77, మొత్తం కలిపితే 58.26. ఈ టారిఫ్ అమెరికా పోర్టులో అక్కడ కొనేవాడే కట్టాలి నిజమే, కానీ వాడు కంపెనీ మీద కోస్తాడు, కంపెనీ ఏజెంటు మీద, ఏజెంటు మీ నాన్న మీద. మీ నాన్న ఎవరి మీద కోస్తాడు, రొయ్య మీదా?

ఇంకోటి, ఈ 50లో సగం అందరికీ వేసిన లెక్కలో మనకి పడింది, మిగతా సగం రష్యా ఆయిల్ కొంటన్నామని. ఈ రెండిట్లో ఒక్కటి కూడా బూసాన్ బల్ల మీద లేదు. కాబట్టి వాళ్ళు చేతులు కలిపారని రేపు పొద్దున్న మన రేటు లేవదు. మీ నాన్నగారికి ఈ ముక్క గట్టిగా చెప్పు.

మరి చైనాకి పంపొచ్చు కదా అంటారు అందరూ. పంపుతున్నాం. కానీ అమెరికా వాడికి తల తీసి, పొట్టు తీసి, నరం తీసి, తోక మాత్రం ఉంచి ఇవ్వాలి, దాని కోసమే మా షెడ్డులో ఇన్ని వందల మంది ఆడవాళ్ళు పొద్దున్న ఆరింటి నుంచి చల్లనీళ్ళలో చేతులు పెట్టి నిలబడేది. మీ 50 కౌంట్ తల తీసేశాక వాడి పౌండు లెక్కలో 31/40, అంటే పౌండుకి 31 నుంచి 40 రొయ్యలు, అవుద్ది. చైనాకి పోయేదాంట్లో చాలావరకు ఇంత పని ఉండదు, తలతోనే బ్లాకులు కట్టి పంపేయొచ్చు. పని తగ్గితే రేటూ తగ్గుద్ది, మా షెడ్డులో కూలీ కూడా తగ్గుద్ది. ఆగస్టు తర్వాత మా దగ్గర రెండు షిఫ్టులు ఒకటి అయ్యింది. పైగా అక్కడ ఈక్వడార్ వాడు ఎప్పట్నుంచో తిష్ట వేసుకుని కూచున్నాడు, వాడి పెద్ద మార్కెట్ చైనాయే.

సరదాగా ఒక మాట, మన వనామీ తల్లి రొయ్యలు ఎక్కడివో తెలుసు కదా, ఎక్కువ హవాయి ఫ్లోరిడా నుంచి విమానంలో వచ్చి చెన్నైలో క్వారంటైన్ అయ్యి హేచరీలకి పోతాయి, 2009లో పర్మిషన్ ఇచ్చినప్పట్నుంచీ అంతే. తల్లిది అమెరికా, పెంపకం గోదావరి, చివరికి మళ్ళీ అమెరికా పళ్ళెంలోకే. పుట్టింటికి పోతంటే 58 శాతం అడుగుతున్నారు.

---

పాలకొల్లు సివిల్స్:

హాయ్ బ్రో, హైదరాబాద్‌లో కోచింగ్‌లో ఉన్నా, ఇది మా సిలబస్సే. దీన్ని థుసిడిడీస్ ట్రాప్ అంటారు. పాత గ్రీసులో ఏథెన్స్ ఎదుగుతుంటే స్పార్టాకి భయం పట్టుకుని యుద్ధం వచ్చింది. హార్వర్డ్‌లో గ్రాహం ఆలిసన్ అని ప్రొఫెసర్, ఆయన 500 ఏళ్ళలో ఇలాంటి జోడీలు 16 తీసి చూస్తే 12 యుద్ధంతో ముగిసాయి. సో ఇది టారిఫ్ గొడవ కాదు, 2018లో చైనా కంపెనీ హువావే ఆఫీసర్ అరెస్టు, 2020లో అమెరికా హ్యూస్టన్‌లో చైనా కాన్సులేట్ మూయిస్తే వాళ్ళు చెంగ్డూలో మూయించడం, 2021 అలస్కా మీటింగ్‌లో కెమెరాల ముందే తిట్టుకోవడం, 2022లో అమెరికా స్పీకర్ పెలోసీ తైవాన్ ట్రిప్, 2023లో అమెరికా మీద ఎగిరిన చైనా బెలూన్, అన్నీ ఒకే దండలో పూసలు. బూసాన్ ఏమీ మార్చదు. యుద్ధం వస్తే రొయ్యల సంగతి దేవుడెరుగు.

---

యానాం మాస్టారు:

బాబూ సివిల్స్, ఆ 16లో మిగతా నాలుగూ కూడా చదువు, పరీక్షలో అవే అడుగుతారు. 1900 ప్రాంతంలో బ్రిటన్‌ని అమెరికా దాటేస్తుంటే బ్రిటన్ వాడు యుద్ధానికి పోలేదు, వెనిజులా సరిహద్దు గొడవలో తగ్గాడు, పక్కకి తప్పుకున్నాడు. గ్రీసు దాకా పోనక్కర్లేదయ్యా, మన పిఠాపురం దాటి గొల్లప్రోలు దగ్గర చందుర్తి ఉంది, ఎప్పుడైనా బస్సు దిగి చూశావా?

నేను 34 ఏళ్ళు చరిత్ర చెప్పి రిటైరయ్యాను, కాబట్టి కొంచెం పొడుగవుతుంది, ఓపిక లేనివాళ్ళు దాటేయండి. 1758 డిసెంబరులో చందుర్తి దగ్గర ఫ్రెంచివాళ్ళూ ఇంగ్లీషువాళ్ళూ కొట్టుకున్నారు. అప్పట్లో మన సర్కారు జిల్లాల్లో ఫ్రెంచివాడిదే పైచెయ్యి, ఇంగ్లీషువాడు బెంగాల్లో అప్పుడే లేస్తున్నాడు. అసలు కొట్లాట యూరప్‌లో మొదలైంది, కానీ ఫిరంగులు పేలింది మన చేలల్లో. ఇంగ్లీషువాళ్ళని పిలిచింది ఎవరనుకున్నారు, విజయనగరం ఆనంద గజపతి రాజు. అంతకుముందు ఏడాదే బొబ్బిలి యుద్ధంలో విజయనగరం ఫ్రెంచి బుస్సీ పక్షాన ఉంది. ఏడాది తిరిగేసరికి పక్షం మారింది. క్లైవు బెంగాల్ నుంచి కల్నల్ ఫోర్డుని పంపాడు, ఫ్రెంచి కాన్‌ఫ్లాన్స్ ఓడిపోయాడు, మరుసటి ఏప్రిల్‌కి మచిలీపట్నం కూడా పోయింది. సరే రాజుగారు గెలిచిన పక్షాన ఉన్నారు కదా. మరి 1794లో పద్మనాభం దగ్గర విజయనగరం రాజుని చంపింది ఎవరు? అదే ఇంగ్లీషు కంపెనీ, పేష్కష్, అంటే కప్పం, బకాయిలు కట్టలేదని. ఫ్రెంచివాడు అడ్డం ఉన్నంత కాలం రాజుగారి అవసరం ఉంది, ఆ అడ్డం తొలిగిపోయాక బకాయి పుస్తకం తీశాడు.

మా యానాం కథ ఇంకా విచిత్రం. యూరప్‌లో వాళ్ళిద్దరికీ యుద్ధం వచ్చినప్పుడల్లా ఇక్కడ ఇంగ్లీషువాడు వచ్చి జెండా దించేవాడు, అక్కడ సంతకాలయ్యాక మళ్ళీ ఇచ్చేవాడు. 1778లో అలాగే, 1793లో అలాగే. చివరికి ఫ్రెంచివాడి దగ్గరే ఉండిపోయి 1954లో బయటపడింది. ఊళ్ళో వాళ్ళని ఎవరూ ఏ సంతకానికీ అడగలేదు.

ఇప్పుడు అసలు ప్రశ్నకి వస్తాను. మీ బాబాయి మాట నేను కొట్టెయ్యను. ఆ రెండు దేశాలూ దగ్గరైనప్పుడు మనకి ఏమైందో ఒకసారి అనుభవం ఉంది. 1971 జులైలో అమెరికా అధ్యక్షుడు నిక్సన్ సలహాదారు కిసింజర్ పాకిస్తాన్ వచ్చి ఒంట్లో బాలేదని చెప్పి రహస్యంగా బీజింగ్ వెళ్ళాడు. దారి చూపించింది పాకిస్తాన్ కాబట్టి ఆ ఏడంతా తూర్పు బెంగాల్లో, అంటే ఇప్పటి బంగ్లాదేశ్‌లో, ఏం జరుగుతున్నా నిక్సన్ పాకిస్తాన్‌ని ఏమీ అనలేదు. మనం ఆగస్టు 9న సోవియట్‌తో ఒప్పందం రాసుకున్నాం. డిసెంబరులో అమెరికా వాడు ఎంటర్‌ప్రైజ్ యుద్ధ ఓడని బంగాళాఖాతంలోకి పంపాడు, నాకు అప్పుడు తొమ్మిదేళ్ళు, కాకినాడ రేవులో మా మావయ్య పని చేసేవాడు, ఓడ ఇటు వస్తుందని రేవంతా ఒకటే గోల. తర్వాత 1972 ఫిబ్రవరిలో నిక్సన్ బీజింగ్ వెళ్ళి మావోతో చెయ్యి కలిపాడు. ఇంతకీ ఇదంతా ఎందుకంటే, చైనా పెరుగుతోందనే కదా 2008 అణు ఒప్పందం నుంచి క్వాడ్ (అమెరికా, జపాన్, ఆస్ట్రేలియా, మనం ఉన్న కూటమి) దాకా అమెరికా మనల్ని దగ్గరికి తీసుకుంది. చైనాతో పని పడినప్పుడు మన మాట కాస్త పలచబడుతుంది. ఇది శత్రుత్వం కాదు, అవసరం లెక్క.

---

ఇంజిన్ రూం అమలాపురం:

మాస్టారూ ఆయ్, బాగా చెప్పారు, నేను మీ అంత చదువుకోలేదు గానీ ఓడ మీద చూసింది చెప్తా. బల్క్ క్యారియర్‌లో సెకండ్ ఇంజనీర్ని, ఇప్పుడు లీవులో ఇంటి దగ్గరున్నా.

సివిల్స్ తమ్ముడు పెలోసీ అన్నాడు కదా, 2022 ఆగస్టులో ఆవిడ తైవాన్‌లో దిగినప్పుడు మేము చైనా నుంచి దక్షిణానికి దిగుతున్నాం. చైనా వాడు తైవాన్ చుట్టూ డ్రిల్లు అని మ్యాపు మీద గడులు గీసి ఇక్కడికి రావద్దు అని పెట్టాడు. మా కెప్టెన్ బ్రిడ్జి మీద ఆ గడులు పెన్సిల్తో చార్టు మీద గీసుకుంటూ, ఏ గడి ఎంత దూరం కొలుచుకుంటూ, చివరికి తైవాన్ జలసంధిలోంచి వద్దు తూర్పు నుంచి చుట్టి పోదాం అన్నాడు. నాకు కింద పని ఏమీ మారలేదు, ఆయిల్ ఎక్కువ తాగింది అంతే. కానీ ఆ పెన్సిల్ గీతలు చూస్తే ఒళ్ళు జలదరించింది అండి, మనం తాగే టీ కప్పు పక్కనే ఉంది ఆ చార్టు.

ఇంక మొన్న అక్టోబర్ 14. అమెరికా వాడు చైనా ఓడలకి పోర్టు ఫీజు పెట్టాడు, చైనాలో కట్టిన ఓడలకి కూడా. అదే రోజు చైనా వాడు అమెరికా ఓడలకి టన్నుకి 400 యువాన్లు పెట్టాడు, ఓడ కంపెనీలో 25 శాతం అమెరికా వాటా ఉన్నా సరే కట్టాలన్నాడు. ఆ వారం మా ఆఫీసు నుంచి ఒకటే మెయిళ్ళు, ఓడ ఎక్కడ కట్టారు, ఏ యార్డు, కాగితాలు పంపండి, ఓనరు ఎవరు, ఓనరుకి ఓనరు ఎవరు. మా ఓడ మీద జెండా ఒకళ్ళది, ఓనరు ఇంకొకళ్ళు, కట్టింది చైనాలో, నడిపేది మన గోదారి కుర్రోళ్ళూ ఫిలిపినోలూ, సరుకు ఇంకెవడిదో. నవంబర్ 10కి రెండూ ఆపేశారు. గమనించండి, తీసెయ్యలేదు, ఒక్క ఏడాదికి ఆపారు.

బూసాన్‌లో జరిగింది కూడా అంతా అదే బాపతు. చైనా వాడి దగ్గర రేర్ ఎర్త్‌లు అనే అరుదైన లోహాలు ఉన్నాయి, కార్లలో మోటార్లకి వాడే మ్యాగ్నెట్లు వాటితోనే చేస్తారు. ఏప్రిల్ 4న ఏడు రకాల ఎగుమతి మీద తాళం వేశాడు, మన దేశంలో కార్ల కంపెనీలు కూడా కంగారు పడ్డాయి. అక్టోబర్ 9న ఇంకా గట్టి చేశాడు. ట్రంప్ అయితే ఇంకో వంద శాతం వేస్తా నవంబర్ 1 నుంచి అన్నాడు. ఆఖరికి అక్టోబర్ 30న కూర్చుని, నువ్వు ఆ అక్టోబర్ తాళం ఏడాది ఆపు, నేను ఫెంటనిల్ అనే మత్తుమందు పేరు మీద వేసిన 20 శాతాన్ని పది చేస్తా, నువ్వు నా సోయాబీన్ కొను అని. మా ఊళ్ళో గట్టు తగాదాలో పెద్దమనుషులు వచ్చి నాట్లు అయ్యేదాకా ఆగండ్రా అంటారే, అదన్నమాట. కర్రలు మాత్రం అరుగు మీదే ఉన్నాయి. దీన్ని రాజీ అని నమ్ముకుని పట్టుబడి ఆపకు తమ్ముడూ.

---

మండపేట వరి రైతు:

అందరూ రొయ్యల గురించే. వరి వాళ్ళం కూడా ఉన్నామండి ఈ గోదావరి జిల్లాల్లో, కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట కట్టింది మీ రొయ్యల కోసం కాదు. మీ చెరువుల ఉప్పునీళ్ళు మా చేలల్లోకి ఊరి మా పక్క ఊళ్ళో రెండు కాలవల కింద పంట పోయింది, ఆ దౌత్యం ముందు ఎవరైనా చెయ్యండి.

సరే విషయానికొస్తే, ఈ ఏడాది డీఏపీ కోసం పడ్డ పాట్లు చూసారు కదా. అందులో చైనా వాడు ఎరువుల ఎగుమతి బిగించడం కూడా ఒక కారణమే. 2020లో గల్వాన్‌లో మన 20 మంది పోయినప్పుడు, సూర్యాపేట కల్నల్ సంతోష్ బాబు గారు పోయినప్పుడు, మా అబ్బాయి ఫోన్లో చైనా యాప్‌లన్నీ పీకించాను, గవర్నమెంటు కూడా 59 తీసేసింది. మంచిదే. కానీ ఎరువు బస్తా విషయంలో మాత్రం వాడి మొహం చూడాల్సి వచ్చింది. ఆగస్టులో చైనా విదేశాంగ మంత్రి వాంగ్ యీ ఢిల్లీ వచ్చాడు, అమెరికా 50 వేసిన వారంలోనే మన ప్రధాని చైనాలో తియాన్‌జిన్ వెళ్ళారు, అక్టోబర్‌లో కోల్‌కతా నుంచి చైనాకి విమానాలు కూడా మొదలయ్యాయి అయిదేళ్ళ తర్వాత. ఒకడు తోస్తే ఇంకొకడి మీద పడటం ఇదే. నాకైతే ఇద్దరి మీదా నమ్మకం లేదు. సంతోష్ బాబు గారి పేరు ఎత్తి అడిగితే ఏం జవాబు చెప్పాలో కూడా తెలీదు.

---

గ్రేడింగ్ హాల్:

వరి రైతు గారూ ఉప్పునీళ్ళ సంగతి మీరన్నది నిజమే, దాని మీద వేరేగా మాట్లాడదాం, ఇక్కడ మొదలెడితే తెల్లారుద్ది.

ఇంజిన్ రూం గారు సోయా అన్నారు కాబట్టి ఇంకోటి. మన మేతలో సోయా పిండి పడుద్ది. 2018లో చైనా వాడు కోపంలో అమెరికా సోయా మీద 25 శాతం వేసి బ్రెజిల్ దగ్గరికి పోయాడు, అమెరికా రైతు గోలపెట్టాడు, మళ్ళీ 2020 జనవరిలో కొంటానని సంతకం, ఈ ఏడాది మళ్ళీ మానేశాడు, ఇప్పుడు మళ్ళీ కొంటానన్నాడు. అక్కడ రైతు కూడా మనలాగే గోడౌను ముందు నిలబడి ఫోన్ చూసుకుంటన్నాడు అన్నమాట. తేడా ఏంటంటే అతనికి ఓటు అక్కడ ఉంది, బూసాన్‌లో అతని సరుకు పేరెత్తారు. మన రొయ్య పేరు ఎవరు ఎత్తుతారు?

---

ఉప్పుటేరు కుర్రోడు:

అందరికీ థాంక్సండి, మాస్టారు గారు మీ పోస్టు నాన్నకి పైకి చదివి వినిపించాను, చందుర్తి దాకా బానే విన్నాడు, విజయనగరం రాజుని చంపేశారు అనేసరికి బాబాయి "చూశావా" అని లేచాడు, మళ్ళీ మొదలు.

నాకు అర్థమైంది ఏంటంటే బూసాన్ చూసి పట్టుబడి ఆపడం తప్పు, అలాగని వాళ్ళు కొట్టుకుంటే మనకి లాభం అనుకోడమూ తప్పే. మన 50 వేరే కాగితంలో ఉంది. ఆ కాగితం ఎప్పుడు మారుద్దో ఎవరికీ తెలీదు. గ్రేడింగ్ అన్నా మరి ఇప్పుడు ఏం చెయ్యమంటారు? యూరప్ వాడు కొత్తగా 102 కంపెనీలకి పర్మిషన్ ఇచ్చాడంటన్నారు సెప్టెంబర్‌లో, అదేమైనా రేటు లేపుద్దా? పైగా కార్తీక మాసం, ఊళ్ళో కూడా ఎవడూ తినట్లేదు.

---

గ్రేడింగ్ హాల్:

యూరప్ మంచిదే తమ్ముడూ కానీ వాడు యాంటీబయాటిక్ టెస్టు గట్టిగా చేస్తాడు, కంటైనర్లలో సగం శాంపిల్ తీస్తాడు. మీరు ఏదైనా మందు వేసుంటే ఇప్పుడే చెప్పు, తర్వాత రిజెక్ట్ అయితే ఏజెంటు నీ మీదే పడతాడు. అయినా అది ఒక్క నెలలో రేటు లేపేది కాదు.

ఇప్పుడు ఏ కౌంట్ ఉంది? రోగం ఏమైనా ఉందా?

---

ఉప్పుటేరు కుర్రోడు:

మందులేమీ వెయ్యలేదన్నా. 60 కౌంట్ ఉంది. ఒక చెరువులో చెక్ ట్రేలో (మేత తింటున్నాయో లేదో చూసే పళ్ళెం) మేత మిగులుతోంది రెండు రోజుల నుంచి, రోగం గుర్తు తెల్ల రెట్ట కూడా కొంచెం తేలింది. మిగతావి బానే ఉన్నాయి.

---

గ్రేడింగ్ హాల్:

అయితే ట్రంపూ లేదు జిన్‌పింగూ లేదు, మేత మిగిలిన చెరువు ముందు లాగించేయండి, రెట్ట తేలాక రేటు కోసం ఆగడం ఏంటి. మిగతావి 50కి వచ్చేదాకా ఉంచండి. కానీ వచ్చే గురువారం అమావాస్య, పొర విడుస్తాయి, సాఫ్ట్ షెల్, అంటే మెత్త పొట్టు రొయ్య, వస్తే మా దగ్గరే పక్కన పడేస్తాం. అమావాస్యకి ముందు లాగండి, లేకపోతే దాటాక నాలుగు రోజులు ఆగండి. ఏజెంటు ఏ కౌంట్ రాశాడో గట్టు మీదే నువ్వు కూడా కేజీ తూచి లెక్కపెట్టుకో.